140 ఏళ్ల నాటి .38 రివాల్వర్: కాల్చవచ్చా, కాల్చి ఏం లాభం?

టెక్సాస్‌లో మీరు కొన్న 1880ల నాటి స్మిత్ అండ్ వెసన్ .38 కాల్చడానికి పనికొస్తుందా, ఇంత తక్కువ శక్తి గల దానితో సరదా ఏముంటుంది అని అడిగారు. సరదా బోలెడు ఉంది. కానీ ముందు దాన్ని పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి. సుత్తిని (హ్యామర్‌ను) పూర్తిగా వెనక్కి లాగినప్పుడు సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) కదలకుండా నిలవాలి, గొట్టం వంగే కీలూ దాన్ని పట్టి ఉంచే గొళ్లెమూ వదులు కాకూడదు.

ఆ ఉక్కు పాతకాలపు నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) ఒత్తిడికి తగ్గట్టు చేసినది. అందుకే బ్లాక్ పౌడర్ నింపిన .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటాలే వాడండి. పొగరాని మందు (స్మోక్‌లెస్ పౌడర్) తూటాలు వద్దు. .38 స్పెషల్ పూర్తిగా వేరే తూటా, దాని జోలికే పోవద్దు. బ్లాక్ పౌడర్ మసి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది కాబట్టి కాల్చిన రోజే వేడి సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె రాయండి.

ఇక సరదా అంటారా, చేతికి కుదుపు దాదాపు తెలియదు. తెల్లటి పొగ, గంధకం వాసన! పొగ విడిపోయేదాకా ఆగి మళ్లీ గురి చూడాలి, ఆ నిదానమే నాకు ప్రాణం. గొట్టాన్ని కిందికి వంచితే ఐదు ఖాళీ తూటాలూ ఒక్కసారిగా బయటికొస్తాయి. ఆ పనితనాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. గురి చూసే సైట్లు చాలా చిన్నవి, కాబట్టి 7 గజాల దూరంతో మొదలుపెట్టండి.