స్టోక్ రో: కాశీ మహారాజు బావి ఉన్న ఇంగ్లిష్ పల్లెటూరు

మీరు అడిగింది ఇది: రెడింగ్‌లో ఉంటున్నారు, వేసవికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఒక పూటలో చూసి రాగలిగే చిన్న ఇంగ్లిష్ పల్లెటూరు కావాలి, కాస్త చరిత్ర కూడా ఉండాలి. నేనూ అక్కడ కొన్నేళ్ళు ఉన్నాను. వచ్చిన చుట్టాలందరినీ తిప్పాను. నన్నడిగితే స్టోక్ రో వెళ్ళమంటాను.

అందరూ కాట్స్‌వోల్డ్స్ అనే కొండప్రాంతపు పల్లెల పేరే చెప్తారు. అందంగానే ఉంటాయి, కాదనను. కానీ వేసవిలో బస్సుల కొద్దీ జనం దిగుతారు, కారు పెట్టుకోడానికి చోటు దొరకదు, తేనెరంగు రాతి ఇళ్ళు నాలుగు చూశాక మా అమ్మ "ఇంతేనా, ఇంకేమన్నా ఉందా?" అనేసింది. స్టోక్ రోలోనూ ప్రత్యేకంగా చూడాల్సింది ఒక్కటే, ఒక బావి. కాకపోతే దాన్ని తవ్వించింది కాశీ మహారాజు. ఇంగ్లండులో ఒక పల్లె జనం మంచినీళ్ళు తాగాలని ఇండియా నుంచి డబ్బు పంపించాడు. ఇంటికి తిరిగి వచ్చేదాకా మాట్లాడుకోడానికి ఆ ఒక్కటి చాలు.

రెడింగ్‌లో థేమ్స్ దాటి, కేవర్షం మీదుగా ఉత్తరానికి, చిల్టర్న్ కొండల్లోకి ఎక్కితే అరగంట దారి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కి దక్షిణపు కొసన, హెన్లీకి పడమటి పక్కన ఉంటుంది. ఇటుక ఇళ్ళు, చర్చి, చుట్టూ బీచ్ అనే రకం చెట్ల అడవి, అంతా ఆ ప్రాంతంలో ఏ ఊళ్ళోనైనా కనిపించేదే. అలా పోతుంటే రోడ్డు పక్కన, పచ్చిక మీద, పోత ఇనుప స్తంభాల మంటపం ఒకటి కనిపిస్తుంది. పైన గుమ్మటం, ఆ గుమ్మటంలో గుండ్రటి గాజు కిటికీలు. కింద నీళ్ళు తోడే యంత్రం, దాని మీద బంగారు రంగు ఏనుగు. మంటపం చుట్టూ పెద్ద అక్షరాలతో ఈ బావిని ఇండియాలోని బెనారస్ మహారాజా వారు ఇచ్చారని రాసి ఉంటుంది.

మా నాన్నది అనంతపురం జిల్లా. బావులు ఎండిపోవడం, బోర్లు వేయించడం, ఆ బోర్లు కూడా ఎండిపోవడం, అన్నీ చూసిన మనిషి. ఏనుగునీ గుమ్మటాన్నీ ఒకసారి చూసి వదిలేశాడు. ఆయన అడిగినవి రెండే: ఈ బావి ఎంత లోతు? ఏడాదంతా వాన పడే దేశంలో వీళ్ళకి నీళ్ళ కరువేమిటి? రెండోదానికే ముందు జవాబు చెప్తాను, అది తెలియకపోతే ఇక్కడ బావి ఎందుకుందో అర్థం కాదు.

చిల్టర్న్ కొండలంటే సుద్దరాయి. పైన కొంత బంకమట్టి, చెకుముకి రాళ్ళు, దాని కింద అంతా సుద్దే. కురిసిన వాన కురిసినట్టే ఇంకిపోతుంది, పైన వాగూ వంకా ఏదీ నిలవదు. ఆ నీళ్ళన్నీ ఎక్కడో అడుగున చేరతాయి. కింద లోయలో థేమ్స్ నిండుగా పారుతూనే ఉంటుంది, కొండ మీది ఊరికి మాత్రం చూరు నుంచి జారే వాన నీళ్ళు, బంకమట్టి గుంటల్లో నిలిచిన మురికి నీళ్ళే గతి. ఎండలు ముదిరిన ఏడాది అవీ ఉండేవి కావు, దూరం నడిచి మోసుకురావాలి. ఒక ఇంట్లో వంటకి వాడిన నీళ్ళని పారబోయకుండా పక్కింటికి ఇచ్చేవాళ్ళని చెప్తారు. ఇది విన్నాక నాన్న, "అయితే మన ఊరే" అన్నాడు.

స్టోక్ రోకి దగ్గర్లోనే ఇప్స్‌డెన్ అని ఇంకో ఊరుంది. అక్కడి భూస్వాములు రీడ్ కుటుంబం. ఆ ఇంటి కొడుకు ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉత్తర హిందూస్థానంలో దశాబ్దాలు పనిచేశాడు. 1831లో ఆజంగఢ్‌లో జనం కోసం బావి తవ్వించడంలో ఆయన చెయ్యి ఉంది. 1857లో ఆగ్రాలో లెఫ్టినెంట్ గవర్నర్ కాల్విన్ చనిపోయినప్పుడు కొన్నాళ్ళు ఆ బాధ్యత కూడా మోశాడు. కాశీ రాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో ఆయనకి మంచి స్నేహం. ఒకసారి మాటల మధ్యలో తన ఊరి వైపు నీళ్ళ కష్టం చెప్పాడట. కరువు రోజుల్లో, ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్ళు తాగేశాడని ఒక చిన్నపిల్లాణ్ణి వాళ్ళమ్మ చితకబాదిందని. ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. రీడ్ 1860లో ఉద్యోగం చాలించుకుని ఇంటికి వచ్చేశాడు. తర్వాత మహారాజుకి ఇంగ్లండులో ఏదైనా ధర్మకార్యం చేయించాలనిపించినప్పుడు ఆ దెబ్బలు తిన్న పిల్లాడి ఊరు గుర్తొచ్చింది.

1863 మార్చి 10న, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పెళ్ళి రోజున, పలుగు వేశారు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావిని జనానికి అప్పగించారు. ముహూర్తాలు గమనించారు కదా, వాటి సంగతి తర్వాత చెప్తాను. మధ్యలో ఉన్న ఆ పద్నాలుగు నెలల్లో జరిగిన పని చూడండి. బావి వెడల్పు నాలుగడుగులు. లోతు 368 అడుగులు, అంటే 112 మీటర్లు. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టి అందులోకి దించినా మునిగిపోతుంది. అదంతా చేత్తో తవ్వారు. అనంతపురం వైపు కపిల బావులు చూసే ఉంటారు, నలుగురు దిగి పక్కపక్కన పనిచేసేంత వెడల్పుంటాయి. ఇక్కడ చేతులు బార చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఆ ఇరుకులో వంగి తవ్వుకుంటూ పోవాలి, తవ్వింది పైకి పంపాలి, గోడ జారకుండా ఇటుక కట్టుకోవాలి. లోతు ఎంతో చెప్పగానే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దిగినోళ్ళ పేర్లు యాడన్నా రాసినారా?" అని అడిగాడు. మంటపం మీద ఉన్నది మహారాజు పేరే.

అంత లోతు నుంచి నీళ్ళు తోడటం గిలకా చేంతాడూ వేసి లాగే పని కాదు. దగ్గర్లోని వాలింగ్‌ఫర్డ్‌లో వైల్డర్ అనే ఇనుప పనివాళ్ళు పళ్ళచక్రాల యంత్రం చేసి ఇచ్చారు. చెయ్యి పెట్టి తిప్పుతూ ఉంటే ఒక బకెట్టు పైకి రావడానికి పది నిమిషాలు. బకెట్టుకి 9 గాలన్లు, మన లెక్కలో నలభై లీటర్లు. ఇంటికి రెండు బకెట్లు కావాలన్నా ఎంత సేపో లెక్కేసుకోండి. అయినా గుంటలో నీళ్ళకంటే నయమే కదా.

బావి ఖర్చు 353 పౌండ్ల పైచిలుకు. నాకు బాగా నచ్చిందేమిటంటే, తవ్వించి చేతులు దులుపుకోలేదు. కాపలాదారు ఉండటానికి పక్కనే ఎనిమిది మూలల చిన్న ఇల్లు కట్టించారు. నాలుగెకరాల నేలలో చెర్రీ తోట వేయించారు, ఆ పళ్ళు అమ్మిన డబ్బు బావి మరమ్మతుకి. ఆ తోటకి ఈశ్వరీ బాగ్ అని పేరు. చేప ఆకారంలో ఒక చిన్న కొలను కూడా తవ్వించారు, ఎందుకంటే మహారాజు చిహ్నంలో చేప ఉంటుంది. తోట సంగతి వినగానే నాన్న "దశబంధం మాన్యం" అన్నాడు. రాయలసీమలో చెరువో బావో తవ్వించి, చూసుకునేవాళ్ళకి నేల ఇనాంగా ఇచ్చే పాత పద్ధతి అది. ఆ నేల ఉన్నంత కాలం చెరువుకి దిక్కుండేది. అలాంటి ఆలోచనే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చెర్రీ చెట్ల రూపంలో కనిపిస్తుందని మేమెవరం అనుకోలేదు.

ఇప్పుడు ముహూర్తాల సంగతి. "చూశారా, ఇండియాయే ఇంగ్లండుకి దానం చేసింది" అని ఈ కథని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అబద్ధం కాదు, కానీ సగమే. ఈ మహారాజు 1857లో ఆంగ్లేయుల పక్షాన నిలిచినవాడు. ఆరేళ్ళు తిరిగేసరికి, రాజకుమారుడి పెళ్ళినాడు పలుగు వేయించి, రాణి పుట్టినరోజున నీళ్ళు తాగించాడంటే, అందులో దయ ఎంతుందో విధేయత కూడా అంతే ఉంది. పైగా 1860-61లో ఎగువ దోఆబ్‌లో, అంటే గంగా యమునల మధ్య నేలలో, ఘోరమైన కరువొచ్చి లక్షల మంది పోయారు. అక్కడా నీళ్ళు లేకే. కాశీ ఆ కరువు సీమలో లేదు కానీ, పరిపాలన లెక్కన అదంతా ఒకే ప్రావిన్సు. మీ నాన్నగారికి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పండి, కథ ఇంకా బాగుంటుంది. అలాగని దొంగ దానం అని నేననను. రాజకీయం ఎలా ఉన్నా, నీళ్ళు మాత్రం నిజం, డెబ్బై ఏళ్ళకి పైగా జనం తాగారు.

ఇది ఒంటరి ముచ్చట కూడా కాదు. 1865లో ఇప్స్‌డెన్‌లో ఇంకో బావి లేచింది, అది రాజా దేవనారాయణ్ సింగ్ ఇచ్చింది. 1869లో లండన్ రీజెంట్స్ పార్క్‌లో బొంబాయి పార్శీ వ్యాపారి కావస్జీ జహంగీర్ రెడీమనీ మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టించాడు. మనవాళ్ళు కాటన్ దొర సమాధి చూడాలని డోర్కింగ్ వెళ్తుంటారు, గోదావరి జిల్లాల వాళ్ళయితే తప్పకుండా. మంచిదే. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852కీ ఈ బావికీ మధ్య పన్నెండేళ్ళే తేడా. అటు నుంచి ఇటు వచ్చిన నీళ్ళ కథ ఒకటి రెడింగ్ పక్కనే ఉంటే అది మాత్రం చాలామందికి తెలియదు.

ఇరవయ్యో శతాబ్దంలో కుళాయిలు వచ్చాక బావి వాడకం తగ్గుతూ వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆగిపోయింది. 1964లో నూరేళ్ళ వేడుకకి ప్రిన్స్ ఫిలిప్ వచ్చారు, గంగాజలం తెప్పించి బావిలో కలిపారు. ఇప్పుడు గ్రేడ్ 1 కట్టడం, అంటే అక్కడ వారసత్వ కట్టడాలకిచ్చే అత్యున్నత హోదా. ఒక ట్రస్టు చూసుకుంటోంది. రంగులు మెరుస్తూ ఉంటాయి, చెత్త కనిపించదు. టికెట్ లేదు. ఎనిమిది మూలల ఇంటిని బయటి నుంచే చూడండి, లోపలికి పోవద్దు.

మిగతా ఊరు అరగంట నడక. సెయింట్ జాన్ చర్చి 1846 నాటిది, చెకుముకి రాళ్ళతో కట్టింది. సుద్దనేలలో దొరికే రాయి అదే కాబట్టి ఆ చుట్టుపక్కల గోడల్లో అదే కనిపిస్తుంది. బీచ్ అడవుల్లో ఒకప్పుడు బాడ్జర్లనే పనివాళ్ళు ఉండేవాళ్ళు. అడవిలోనే గుడిసె వేసుకుని, కాలితో తొక్కే తరిమెన మీద కుర్చీ కాళ్ళు పట్టి, హై వికమ్ కుర్చీల వ్యాపారులకి అమ్మేవాళ్ళు. ఏప్రిల్ చివర, మే మొదట్లో వెళ్తే ఆ చెట్ల కింద నేలంతా బ్లూబెల్ పూలతో నీలంగా ఉంటుంది. మీ వాళ్ళు వేసవికి వస్తున్నారు కాబట్టి అవి అయిపోయి ఉంటాయి. గద్దలు మాత్రం ఎప్పుడైనా ఉంటాయి. ఆ ప్రాంతంలో పూర్తిగా పోయిన ఎర్ర గద్దల్ని 1989 నుంచి 1994 దాకా స్పెయిన్ నుంచి తెచ్చి చిల్టర్న్స్‌లో వదిలారు. ఇప్పుడు తలెత్తితే చాలు. పచ్చిక మీద కూర్చుని తింటుంటే చేతిలోది తన్నుకుపోగలవు, పిల్లలుంటే చూసుకోండి. ఊళ్ళో పబ్బులున్నాయి కానీ, అమ్మానాన్నలు శాకాహారులైతే పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్ళడమే సుఖం.

బావి దగ్గర గంట చాలు కాబట్టి, కారు తీశారు కదా, పక్కనే నఫీల్డ్‌లో ఆగండి. నఫీల్డ్ ప్లేస్ అనే ఇల్లు, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. మోరిస్ కార్ల కంపెనీ పెట్టిన విలియం మోరిస్, అంటే లార్డ్ నఫీల్డ్, 1933 నుంచి 1963లో పోయేదాకా ఉన్నది అక్కడే. అంత ధనవంతుడి పడకగది అల్మారా తెరిస్తే బట్టలు కాదు, పనిముట్లు ఉంటాయి. నిద్రపట్టకపోతే లేచి ఏదో ఒకటి బాగుచేసుకునేవాడట. మన అంబాసిడర్ కారు ఆయన కంపెనీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద తయారైందే, 2014 దాకా నడిచింది. ఆ మాట చెప్తే మా నాన్న బావి దగ్గర కంటే అక్కడే ఎక్కువ సేపు నిలబడ్డాడు. ఆ ఇల్లు అన్ని రోజులూ తెరవరు, టికెట్ ఉంటుంది. బయల్దేరే ముందు వేళలు చూసుకుని, ముందు ఆ ఇల్లు చూసేసి, తర్వాత బావికి రండి. బావికి తలుపుల్లేవు, ఎప్పుడైనా చూడొచ్చు.