పెనాంగ్ తౌకే దినచర్య: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మలేషియాలోని పెనాంగ్ దీవిలో, జార్జ్‌టౌన్ పాత పట్టణంలో ఇనుప సామాను, రంగులు, నీటి పైపులు టోకున అమ్మే ఒక హొక్కియన్ (ఫుజియన్ ప్రాంతపు మూలాలున్న) చీనా వ్యాపారి దగ్గర నేను కొంతకాలం లెక్కలు చూశాను. అక్కడి పనివాళ్లూ ఖాతాదారులూ దుకాణం యజమానిని తౌకే అంటారు. ఆ తౌకేకు సెలవంటూ లేదని, అయినా ఆయన హడావిడి పడగా నేనెప్పుడూ చూడలేదని గత సంచికలో రాశాను. ఆ రెండు మాటలూ ఎలా పొసగుతాయని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: తెల్లవారగానే దుకాణం తాళం తీయకుండా గంటసేపు కాఫీ హోటల్లో కూర్చునే మనిషిని కష్టజీవి అని ఎలా అనగలం? అది కాలక్షేపం కాదా?

జవాబు: చూసేవారికి కాలక్షేపంలాగే కనిపిస్తుంది. కోపీతియామ్ అని పిలిచే ఆ కాఫీ హోటల్లో పాలరాతి పలక బల్ల ముందు ఆయన కూర్చుంటారు. పాలు లేని కోపీ-ఓ ఒక కప్పు, సోయా సాసూ తెల్ల మిరియాల పొడీ చల్లిన సగం ఉడికిన గుడ్లు రెండు, కొబ్బరిపాలూ గుడ్లూ చక్కెరా కలిపి వండిన కాయా పూసిన రొట్టె ముక్క తెప్పించుకుంటారు. అదే బల్ల దగ్గరికి ఇళ్లు కట్టే మేస్త్రీ ఒకరు, లారీల యజమాని ఒకరు, రంగుల కంపెనీ తరఫున తిరిగే మనిషి ఒకరు చేరతారు. ముందుగా ఒకరి తల్లి మోకాళ్ల నొప్పి గురించి, మరొకరి కొడుకు పరీక్షల గురించి, కాలం వస్తే బలిక్ పులావ్ తోటల నుంచి దిగిన దురియన్ పండ్ల రుచి గురించి మాట్లాడుకుంటారు. వ్యాపారం మాట చివరి ఐదు నిమిషాల్లోనే, అదీ సూటిగా కాకుండా వస్తుంది. ఫలానా కట్టడం దగ్గర క్రేను రెండు వారాలుగా కదలలేదని లారీ యజమాని అంటే, ఆ కట్టడానికి పైపులు అరువు పెట్టిన మన తౌకే ఏమీ మాట్లాడకుండా కప్పులో మిగిలిన కాఫీ తాగేసి లేస్తారు. ఆ రోజు మధ్యాహ్నమే ఆ ఖాతాకు కొత్త సరుకు ఆగిపోతుంది. కాగితాల మీద ఆ సంగతి తెలిసేది చెక్కు తిరిగివచ్చిన తరువాతే కదా. నా ఉద్దేశంలో ఆయన రోజు మొత్తంలో అతి ఖరీదైన నిర్ణయాలు జరిగేది ఆ గంటలోనే. కాఫీ డబ్బులు ఎవరు ఇస్తారన్న దానిమీద రోజూ పెనుగులాట జరుగుతుంది, నిన్న ఎవరు ఇచ్చారో మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ప్రశ్న: అరువు వ్యాపారం అంటున్నారు. నమ్మకం మీదే నడుస్తుందా, కాగితాలు ఉంటాయా?

జవాబు: రెండూ ఉంటాయి, కానీ వాటి కొలతలు వేరు. పెద్ద ఖాతాదారులకు ముప్పై రోజుల నుంచి అరవై రోజుల గడువు, దానికి ఇన్వాయిసు, రాబోయే తేదీ వేసిన చెక్కు. వీధి చివర కుళాయిలు బాగుచేసే మనిషికి మాత్రం చిన్న జేబు పుస్తకం సరిపోతుంది. అట్టమీద 555 అని అచ్చువేసి ఉండే ఆ పుస్తకంలో అరువు రాసుకోవడం మలేషియా అంతటా తరాల నాటి అలవాటు. కంప్యూటరు వచ్చాక కూడా మా తౌకే దాన్ని మానలేదు. కంప్యూటరు బాకీని చూపిస్తుందనీ, పుస్తకం తీసినప్పుడు ఎదుటివాడి ముఖం కూడా కనిపిస్తుందనీ ఆయన వాదన.

కాగితం పని అంతకంతకూ పెరిగిందన్నది నిజమే. 2015 ఏప్రిల్‌లో ఆరు శాతం జీఎస్‌టీ వచ్చింది, 2018 జూన్‌లో దాన్ని సున్నాకు దించారు, అదే ఏడాది సెప్టెంబరులో పాత తరహా అమ్మకం, సేవా పన్నులు మళ్లీ వచ్చాయి. ప్రతిసారీ వేలకొద్దీ మేకులకూ మరలకూ కొత్త ధర చీటీలు అంటించవలసి వచ్చింది. 2024 ఆగస్టులో పెద్ద సంస్థలతో మొదలుపెట్టి ఎలక్ట్రానిక్ ఇన్వాయిసులను దశలవారీగా తప్పనిసరి చేస్తున్నారు. మలేషియా రింగిట్‌లో నూరో వంతైన ఒక్క సెన్ నాణేన్ని 2008 నుంచి జారీ చేయడం మానేసి, నగదు బిల్లును దగ్గరలోని ఐదు సెన్‌లకు సవరించే పద్ధతి పెట్టారు. నేను చూసినంతలో ఆయన సంతోషంగా ఒప్పుకున్న ప్రభుత్వ నిర్ణయం అదొక్కటే.

చీటీల గురించి కూడా ఒక పాఠకుడు అడిగారు. మన చీటీ పాటల వంటివే అక్కడ కుటు పేరుతో ఉన్నాయి, కానీ వాటిని నడపడాన్ని 1971 నాటి చట్టం నిషేధించింది. పెట్టుబడికి బ్యాంకు, కుటుంబం, సరుకు ఇచ్చే కంపెనీ పెట్టే గడువు, ఈ మూడే సవ్యమైన దారులు.

ప్రశ్న: వేర్వేరు మతాల పనివాళ్లు ఒకే దుకాణంలో ఉంటే యజమానికి చిక్కులు రావా?

జవాబు: చిక్కులు అనడంకంటే క్యాలెండరు పని అనడం సరైనది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లే మలయ్ డ్రైవర్లకు ఎక్కువసేపు విరామం ఇవ్వాలి కాబట్టి, ఆ రోజు వంతెన దాటి, దీవి అవతలి బటర్‌వర్త్ పట్టణం వైపు వెళ్లవలసిన సరుకు ఉదయమే కదులుతుంది. రంజాన్ నెలలో బరువు మోసే పనులను పొద్దున్నే ముగించి, ఉపవాసం విడిచే వేళకు మనుషులు ఇళ్లకు చేరేలా చూస్తారు. రంజాన్ పండుగైన హరి రాయాకు ముందు జీతంలో కొంత ముందుగా అడగడం, దీపావళికి తమిళ గుమాస్తా ఇంటి విందుకు తౌకే సకుటుంబంగా వెళ్లడం మామూలే. ఆ విందులో ఆయన ఎక్కువసేపు ఉండరు, కానీ వెళ్లకుండా ఉండరు.

చట్టం వైపు చూస్తే, జీతం నెల ముగిసిన ఏడు రోజుల లోపల చేతికి అందాలి. భవిష్య నిధి సొమ్ము తరువాతి నెల పదిహేనో తేదీలోగా కట్టాలి. అందులో ఉద్యోగి వాటా పదకొండు శాతం, ఐదువేల రింగిట్ల వరకు జీతం ఉన్నవారికి యజమాని వాటా పదమూడు శాతం. 2023 జనవరి నుంచి వారానికి పనివేళల పరిమితి నలభై ఎనిమిది గంటల నుంచి నలభై ఐదుకు తగ్గింది. కనీస వేతనం 2025లో 1,700 రింగిట్లకు పెరిగింది. ఈ అంకెల మీద మా తౌకే సణుక్కునేవారు, అయినా ఆలస్యంగా కట్టడం ఆయనకు పరువు తక్కువ.

ప్రశ్న: ఒక గృహిణిగా అడుగుతున్నాను. ఇంతగా దుకాణాన్ని అంటిపెట్టుకున్న మనిషికి తనకంటూ ఒక క్షణం ఉంటుందా? ఇంట్లోవాళ్ల సంగతేమిటి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు ఎక్కువ చోటు ఇవ్వాలనిపించింది.

ముందుగా, ఇల్లు వేరు, దుకాణం వేరు అనే గీత అక్కడ పాతకాలం నుంచీ సన్నగానే ఉంది. జార్జ్‌టౌన్ వీధుల్లోని రెండంతస్తుల కట్టడాల్లో కింద వ్యాపారం, పైన కాపురం. ముందు భాగంలో ఎండకూ వానకూ మనుషులు నడిచి వెళ్లేలా వదిలిన ఐదడుగుల వరండా. మా తౌకే కుటుంబం ఇప్పుడు ఊరి బయట అపార్టుమెంటులో ఉంటోంది, అయినా గల్లా పెట్టె దగ్గర కూర్చునేది ఆయన భార్యే. అప్పు ఎవరికి ఇవ్వాలన్నది ఆయన నిర్ణయమైతే, బాకీ ఎవరిని అడగాలన్నది ఆమె నిర్ణయం. ఇద్దరూ రోజంతా ఆరడుగుల దూరంలో ఉండి పది మాటలు కూడా మాట్లాడుకోరు, కానీ మధ్యాహ్నం ఆయన భోజనం ముందు కూర్చోగానే చేపలోని ముళ్లు తీసిన భాగం ఆయన గిన్నెలోకి చేరుతుంది.

దుకాణం లోపల, నేలమీదనే, ఎర్రరంగు పూసిన చిన్న పీఠంలో నేలను కాపాడే దేవుడు ఉంటాడు. ఉదయం అగరువత్తులు వెలిగించడం తౌకే ఎవరికీ అప్పగించని పని. చాంద్రమాసంలో ఒకటో రోజున, పదిహేనో రోజున శాకాహారమే తింటారు. ఆ పూట ఎదురుగా ఎంత పెద్ద ఖాతాదారు నిలబడినా అగరువత్తులు గుచ్చేదాకా ఆయన తలెత్తరు. నాకు తెలిసి ఖాతాదారు వేచి ఉండవలసి వచ్చే సందర్భం అదే.

ఇంకొకటి, ఆయన చీనా దినపత్రికను వెనుక నుంచి చదువుతారు. అక్కడి పత్రికల్లో మరణ ప్రకటనలు పేజీలకు పేజీలు ఉంటాయి. పోయినవారి కుటుంబం వేసేవీ, సంతాపం తెలుపుతూ వ్యాపార మిత్రులు వేయించేవీ కలిసి ఉంటాయి. ఎవరు పోయారో చూసుకుని, తెల్ల కవరులో బేసి సంఖ్య వచ్చేలా సొమ్ము పెట్టి ఆ సాయంత్రం వెళ్లి ఇచ్చి వస్తారు. ఇది వ్యాపారమా, స్నేహమా అని నేను ఒకసారి అడిగాను. పోయినాయన కొడుకు ఇంకా మన దగ్గరే పైపులు కొంటున్నాడు కదా అని నవ్వారు. కానీ ఆ రాత్రి ఆయన అంత్యక్రియల ఇంట్లో, వేరుశనగ గింజలు ఒలుచుకుంటూ, అవసరానికి మించి రెండు గంటలు కూర్చున్నారని డ్రైవరు చెప్పాడు. ఒకే పనిలో లెక్కా మనసూ కలిసి ఉండడం ఆయనకు ఇబ్బందిగా తోచదు. ఇబ్బంది పడేది మనబోటి ప్రశ్నలు అడిగేవాళ్లమే.

పిల్లల విషయంలో మాత్రం ఆయన లెక్క తప్పుతుంది. కూతురు మెల్బోర్న్‌లో ఉంటుంది. అక్కడి గడియారం పెనాంగ్ కంటే రెండు మూడు గంటలు ముందు కాబట్టి, మనుమరాలు నిద్రపోకముందే ఫోనులో చూడాలంటే సాయంత్రం రద్దీ వేళలోనే చూడాలి. ఆ సమయంలో కౌంటరు దగ్గర బిల్లు వేయమని అడిగితే, పక్కవాడి వైపు చేయి చూపిస్తారు.

ప్రశ్న: చీనా కొత్త సంవత్సరానికి వ్యాపారం పూర్తిగా ఆపేస్తారట, నిజమేనా?

జవాబు: నిజమే, కానీ ఆపడం కూడా పనిగానే జరుగుతుంది. పండుగకు ముందే రావలసినవి వసూలు చేయాలి, ఇవ్వవలసినవి ఇచ్చేయాలి. పాత బాకీతో కొత్త ఏడాదిలో అడుగుపెట్టడం వారికి నచ్చదు. పండుగ ముందురాత్రి కుటుంబమంతా కలిసి భోజనం చేస్తుంది. ఆ తరువాత మంచి ముహూర్తం చూసి దుకాణం మళ్లీ తెరిచిన రోజున ప్రతి పనివాడికీ ఎర్ర కవరులో ఆంగ్‌పావ్ అనే కానుక సొమ్ము ఇస్తారు. అందులో సరిసంఖ్య ఉండాలి, నాలుగు అంకె కనిపించకూడదు. పెనాంగ్ హొక్కియన్లకు అసలు పండుగ తొమ్మిదో రోజు. ఆ ముందురాత్రి ఆకాశ దేవుడైన జేడ్ చక్రవర్తికి పూజ చేస్తూ బల్లలకు చెరకు గడలు కడతారు. శత్రువుల నుంచి తమ పూర్వీకులు చెరకు తోటల్లో దాక్కుని బతికారని వారి కథ.

ప్రశ్న: పెద్ద కోటీశ్వరుల జీవితం కూడా ఇలాగే మొదలైందా?

జవాబు: కొందరిది అవును. ఫిలిప్పీన్స్ వ్యాపారి జాన్ గోకాంగ్వే, తండ్రి పోయాక సెబూలో సైకిలు మీద సబ్బులు, దారాలు, కొవ్వొత్తులు అమ్మారు. తరువాత టైర్లను మనీలాలో అమ్మడానికి తీసుకువెళ్లే చిన్న పడవ ప్రయాణాల్లో ఒకసారి పడవ మునిగిపోతే, ఆ టైర్లే పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నామని ఆయనే చెప్పుకున్నారు. మలేషియాలో గెంటింగ్ కొండమీది విహార పట్టణం కట్టిన లిమ్ గో టోంగ్‌కు ఆ ఆలోచన 1964లో వచ్చింది. అప్పుడు ఆయన కామెరాన్ కొండల్లో జలవిద్యుత్ పనుల కాంట్రాక్టరు. అక్కడి చల్లగాలిని అనుభవిస్తూ, కౌలాలంపూర్‌కు దగ్గరలో ఇలాంటి చోటు ఉంటే బాగుంటుందని అనుకున్నారట. ఇలాంటి కథల్లో తెలివికంటే చేసే పని దగ్గర మనిషి స్వయంగా ఉండడమే ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఈ పాత దుకాణాలు ఇంకెంతకాలం ఉంటాయి? పిల్లలు అందుకుంటున్నారా?

జవాబు: చాలామంది అందుకోవడం లేదు. పైగా, అద్దెల దెబ్బ వేరు. 1948కి ముందు కట్టిన ఇళ్లకు అద్దెను కట్టడి చేసిన పాత చట్టాన్ని 1997లో రద్దుచేశారు, ఆ సహస్రాబ్ది చివరికి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. 2008లో మరో పాత రేవు పట్టణమైన మెలాకాతో పాటు జార్జ్‌టౌన్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించాక, ఆ వీధుల్లో బస హోటళ్లూ కేఫులూ పెరిగాయి. రేకు పని చేసేవాళ్లు, వెదురు బుట్టలు అల్లేవాళ్లు తగ్గిపోయారు. మా తౌకే సొంత కట్టడంలో ఉన్నారు కాబట్టి నిలబడ్డారు. అమ్మమని అడిగినవారికి ఆయన కోపంగా కాక, కాఫీ తెప్పించి మరీ వద్దని చెబుతారు. కొడుకు సింగపూర్‌లో ఇంజనీరు, తిరిగి వస్తాడని ఆయన ఆశించడం లేదు. గుమాస్తాకు వాటా ఇచ్చి నడిపించాలన్న ఆలోచన ఉంది. నాకు అది సరైనదిగానే తోస్తుంది, రక్తసంబంధం లేని చేతుల్లోనైనా దుకాణం బతకడం మంచిదే కదా.

ప్రశ్న: మా తమ్ముడు అటువంటి ఒక వ్యాపారిని కలవడానికి మొదటిసారి పెనాంగ్ వెళుతున్నాడు. ఏం గుర్తుంచుకోవాలి?

జవాబు: విజిటింగ్ కార్డును రెండు చేతులతో ఇచ్చి, తీసుకున్నది వెంటనే జేబులో పెట్టకుండా చదవమనండి. గడియారం బహుమతిగా తీసుకువెళ్లవద్దు. చాంద్రమానంలో ఏడో నెల, అంటే దాదాపు ఆగస్టు ప్రాంతంలో, పితృదేవతలూ ఆకలి దయ్యాలూ తిరుగుతాయని నమ్ముతారు కాబట్టి కొత్త ఒప్పందాల మాట ఎత్తకపోవడం మేలు. ఆ నెలలో చందా పుస్తకం ముందుకు వస్తే కాదనకుండా ఎంతో కొంత రాయమనండి. ధర గురించి మొదటి రోజు అడగవద్దు. ఉదయం కాఫీకి రమ్మని పిలిస్తే మాత్రం, ఎంత నిద్ర వస్తున్నా తప్పకుండా వెళ్లాలి.