సిగరెట్ మానేసి మూడో రోజు, నికోటిన్ గమ్ ఎందుకు పనిచేయట్లేదు?

మానేసి మూడో రోజు, చిరాకు తట్టుకోలేకపోతున్నాను, గమ్ నమిలితే ఎక్కిళ్లు, గొంతు మంట తప్ప ఏమీ లేదు, నాకు మనోబలం లేదా అని అడిగారు. మనోబలం సంగతి పక్కన పెట్టండి. తేడా గమ్ నమిలే పద్ధతిలో ఉంది.

దమ్ము లాగితే నికోటిన్ 10-20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. రెండు గంటలకల్లా రక్తంలో సగానికి పడిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా నడిస్తే మెదడులో నికోటిన్ పట్టుకునే గ్రాహకాల సంఖ్యే పెరుగుతుంది. వాటికి అందకపోతే చిరాకు, నిద్ర పట్టకపోవడం. సిగరెట్‌తో టెన్షన్ తగ్గిందనుకునేది చాలావరకు భ్రమే, ముందు సిగరెట్ తెచ్చిన లోటును తర్వాతిది పూడుస్తోంది. ఈ బాధ 2-3 రోజులకు బాగా ముదిరి, 2-4 వారాల్లో తగ్గుతుంది. మీరిప్పుడు ఉన్నది గడ్డు రోజుల్లోనే.

ఇక గమ్. ఆ నికోటిన్ లోటును కొద్దికొద్దిగా పూడ్చే మందు ఇది. పేరుకే గమ్, చూయింగ్ గమ్‌లా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, మంట అందుకే. మెల్లగా కొన్నిసార్లు నమలండి, నాలుక చురుక్కుమనగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. చురుకు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి రెండో వైపు పెట్టండి. ఇలా అరగంట. అంతకు 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ వద్దు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఇంకదు. చాలామంది గమ్ దండగ అనేది ఇలా వాడకపోవడం వల్లే కావచ్చు.

మోతాదు రోజుకెన్ని తాగేవారన్న దానికన్నా, లేచాక మొదటిది ఎప్పుడు వెలిగించేవారన్నది చెబుతుంది. అరగంటలోపే అయితే 4 మి.గ్రా., తర్వాతైతే 2. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకు 24 దాటకూడదు. సిగరెట్ తాగాలన్న తపన ముదిరాక వేసుకుంటే ఆలస్యమైనట్టే, వేళ ప్రకారం వేసుకోండి. ఆ తర్వాత 3 వారాలు 2-4 గంటలకొకటి, చివరి 3 వారాలు 4-8 గంటలకొకటి. గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవారు డాక్టర్‌ని అడిగాకే వాడాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పొగలోని తారు వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా కరిగిస్తుంది. పొగ ఆగితే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు ఉండి గుండెదడ, నిద్రలేమి తెస్తుంది, అదంతా నికోటిన్ లోటే అనుకుంటాం. కాఫీ సగానికి తగ్గించి చూడండి.