నోట్‌గెల్డ్ కొని దాచుకుంటే ధర పలుకుతుందా?

మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మనీ నోట్‌గెల్డ్ నోట్లు, అంటే చిల్లర కొరత తీర్చడానికి ఊళ్లు సొంతంగా అచ్చువేసుకున్న అత్యవసర నోట్లు, కొని దాచుకుంటే రేపు మంచి ధర పలుకుతుందా అని అడిగారు. పలకదు. హానోవర్‌లో ఉన్న నాలుగేళ్లూ వాటి మీద డబ్బు తగలేసిన అనుభవంతో చెబుతున్నాను.

అక్కడ లైనె నది ఒడ్డున శనివారాల్లో పాతసామాను సంత జరుగుతుంది. ఓ బల్ల మీద చెప్పుల అట్టపెట్టె నిండా ఈ నోట్లే, ఏది తీసుకున్నా ఒక యూరో. హామెల్న్ పట్టణం నోటు మీద ఎలుకలను వెంటేసుకుని పోయే పిల్లనగ్రోవివాడి బొమ్మ చూసి మురిసిపోయి, రంగులు బాగున్నవి పది ఏరుకున్నాను. ఇంటికొచ్చి బల్ల మీద పరిచాక అనుమానం వచ్చింది. పదింటిలో ఒక్కదానికీ మడత లేదు. ఎవరి జేబులోనూ నలగని డబ్బు డబ్బెలా అవుతుంది?

నిజమైన కొరత 1914లో మొదలైంది. జనం వెండి నాణేలు దాచేసుకున్నారు, రాగి, నికెలు ఆయుధాలకు పోయాయి. కూలి ఇవ్వడానికి, కూరగాయలు కొనడానికి చిల్లర లేక మునిసిపాలిటీలు, పొదుపు బ్యాంకులు, చివరికి ఫ్యాక్టరీలు కూడా సొంతంగా చీటీలు అచ్చువేసుకున్నాయి. వాటిని సేకరించే పిచ్చి ముదిరాక ఊళ్లకు కిటుకు తెలిసిపోయింది. గడువు తేదీ వేసి బొమ్మల నోట్లు అమ్మితే, కొన్నవాడు ఆల్బంలో పెట్టుకుంటాడు, మార్చుకోవడానికి రాడు. వచ్చిందంతా ఊరికి మిగులే. బీలెఫెల్డ్‌లో పట్టుగుడ్డ మీద కూడా అచ్చువేశారు. 1922లో ప్రభుత్వం ఈ బొమ్మల నోట్లను నిషేధించింది. ఇలా దాచుకోవడానికే పుట్టినవి కాబట్టి ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతున్నాయి.

ఇక ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల సంగతి. ‘అరుదైన యుద్ధకాలపు నోటు’ అని రాసి నాలుగింతల ధర పెడతారు. నోటు మీద 1921 అని స్పష్టంగా ఉంటుంది. యుద్ధం 1918లోనే ముగిసింది మహాప్రభో! అంతకన్నా మన రూపాయి నోటు కొనుక్కోండి. వెండి కొరత వల్ల అదీ ఆ యుద్ధంలోనే, 1917లో వచ్చింది.

మరుసటి శనివారం మళ్లీ సంతకు వెళ్లి పెట్టె అడుగుదాకా వెతికితే ఒక నోటు దొరికింది. బొమ్మ లేదు, రంగు లేదు. నాలుగు మడతలు, అంచులకు జిడ్డు, మధ్యలో చిరిగితే వెనకనుంచి ఎవరో సన్నటి కాగితం అంటించారు. నా దగ్గరున్న వాటిలో డబ్బు అనదగ్గది అదొక్కటే. సెలవులకు వచ్చినప్పుడు తెనాలిలో మా బాబాయికి చూపించి, మరచిపోయి అక్కడే వదిలేశాను. వారం తర్వాత ఫోను చేశారు.

"పాపం, చిరిగిపోతోందిరా. లామినేషన్ చేయించాను. ఇంకేమైనా ఉంటే పంపించు, అవీ చేయిస్తాను."