ఎమ్డెన్‌కు రంగు వేసేముందు కిటికీ తెరువు

చిరంజీవి చిన్నుకి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక నమూనా చేసే కిట్టు కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అన్ని యుద్ధనౌకలుండగా మొదటి ప్రపంచయుద్ధంలో మన మద్రాసు మీద గుండ్లు కురిపించినదాన్నే ఎంచుకున్నందుకు ఎంత సంతోషించానో! చిన్నప్పుడు మీ నాన్న నన్ను హైకోర్టు ప్రహరీ గోడ మీది ఫలకం ముందు నిలబెట్టి 1914 సెప్టెంబరు 22 రాత్రి కథంతా చెప్పేవాడు. బర్మా ఆయిల్ ట్యాంకులు అంటుకున్న ఘట్టానికి వచ్చేసరికి గొంతు పెరిగిపోయి దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఆ పిచ్చి నీకూ పట్టిందన్నమాట అనుకుని మురిసిపోతుంటే మీ అమ్మ ఇంకో మాట అంది. రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలి అందించే కంప్రెసర్ పడకగదిలోనే పెట్టుకున్నావట. రంగు మీద దుమ్ము పడకుండా కిటికీలు బిగించి, ఏసీ వేసుకుని పని చేద్దామనుకుంటున్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కిట్టులోని కాగితం చెప్పేవి నేను మళ్లీ చెప్పను. ముక్కలు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. ఫ్రేము నుంచి విరవకు, నిప్పరుతో కత్తిరించు. బ్లేడు వేళ్ల వైపు రాకూడదు. ఇత్తడి రెయిలింగులు చివరికి అతికించు, లేకపోతే నీ మోచెయ్యే వాటిని వంచేస్తుంది.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు. మేం చింతాద్రిపేటలో ఉన్నప్పుడు ఆయన బాల్సా చెక్కతో విక్రాంత్ నౌకను చేశాడు. అప్పట్లో మాకు కిట్లు ఎక్కడ దొరికేవి? పత్రికలో వచ్చిన ఫొటో ముందు పెట్టుకుని, కొలతలు గీసుకుని, నెలల తరబడి చెక్కాడు. బూడిదరంగు వేసి బాగా ఆరనిచ్చాడు. దాన్ని కాపాడడానికి పైన ఒక పూత లాకర్ కొట్టాలనుకుని, చెక్కసామానుకు వాడే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్, సీసాడు థిన్నరు తెచ్చాడు. తెలిసిన మెకానిక్ దగ్గర స్ప్రే గన్, పంపు అడిగి తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే తిరిగి ఇచ్చేయాలి. ఆ తొందరే కొంప ముంచింది.

కార్తీకమాసం, బయట జోరువాన. జల్లు పడకుండా తలుపులూ కిటికీలూ మూసుకుని స్ప్రే మొదలుపెట్టాడు. కాసేపటికి తలుపు కింది సందులోంచి ఘాటైన వాసన వరండాలోకి వచ్చింది. అప్పుడే మీ నానమ్మ గడప మీద దీపాలు పెట్టడానికి వెలిగించిన ప్రమిదతో వస్తోంది. థిన్నరు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలబారున పాకుతూ నిప్పు ఉన్నచోటిదాకా వెళుతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. కిరసనాయిలు వాసన ఉన్నచోట నిప్పు కూడదన్న భయం మాత్రం ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను. ప్రమిద వాకిట్లో వాననీళ్లలో పడి ఆరిపోయింది. తలుపు తోస్తే, మీ నాన్న గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. పేరు పెట్టి పిలిచినా పలకలేదు. వరండాలోకి నడిపించి కూర్చోబెడితే వాంతి చేసుకున్నాడు. నానమ్మ ఆయన తల ఒడిలో పెట్టుకుని ఒక పక్క తిడుతూనే ఉంది, ఒక పక్క ఏడుస్తూనే ఉంది.

పొద్దున చూస్తే ఓడంతా తెల్లటి పొర కమ్మి ఉంది. ఎంత తుడిచినా పోలేదు. థిన్నరు త్వరగా ఎగిరిపోతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, చల్లటి మజ్జిగ గ్లాసుకు పట్టినట్టు, ఆ పూతకు నీరు పడుతుంది. తెలుపు అక్కడినుంచే వస్తుంది. మీ నాన్న మళ్లీ ఓడ జోలికి పోలేదు.

ఏసీ ఉందిగా, తేమ ఉండదు అంటావు. తేమ తగ్గుతుంది, నిజమే. కానీ నీ గోడకున్న ఆ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఆవిరి నీతోనే ఉంటుంది, నువ్వేమో ఆ గదిలోనే పడుకుంటావు! స్ప్రే చేసేచోట ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి, దాని పైపు కిటికీ బయటికి పోవాలి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, కార్బన్ క్యాట్రిడ్జిలున్నది కొను. నీళ్లలో కలిపే ఆక్రిలిక్ రంగులైనా సరే, స్ప్రే చేస్తే మాస్కు తీయకు. ఆ గదిలో అగరొత్తి కూడా వెలగకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊళ్లో వానలు. ఆ నెలల్లో కుంచె పని చేసుకో, లాకర్ సంక్రాంతి దాకా ఆగుతుంది.

ఊపిరి సంగతి అయింది కాబట్టి తుప్పు సంగతి. కొత్తగా చేసేవాళ్లు నిజం ఓడలా కనిపించాలని నమూనా అంతా తుప్పురంగు పులిమేస్తారు. యుద్ధనౌకలో నావికులు రోజూ గీకుతూ, రంగు వేస్తూనే ఉంటారు. పైగా నీది 1:350 కొలత. 118 మీటర్ల ఓడ నీ బల్ల మీద 34 సెంటీమీటర్లు. అంటే కుంచెతో నువ్వు పెట్టే ఒక్క మిల్లీమీటరు చుక్క అసలు ఓడ మీద జానెడున్నర మచ్చ. లంగరు గొలుసు దిగే రంధ్రం కింద సన్నగా ఒక చార చాలు. ఆ చార పైనుంచి కిందికి నిట్టనిలువుగా దిగాలి.

అంతకన్నా ముందు, నువ్వు చేస్తున్నది ఏ రోజు ఎమ్డెనో తేల్చుకో. జులై చివర చైనాలోని జర్మన్ల రేవు చింగ్‌దావ్ నుంచి బయల్దేరిన ఓడ అది. రేవు లేక, నడిసముద్రంలో బొగ్గు ఓడల్ని పక్కన కట్టుకుని బస్తాలు ఎక్కించుకునేది. ఆ రాపిడికి పక్కలు గీరుకుపోవాలి. శాంతికాలంలో అది తెల్ల ఓడ కాబట్టి, గీరుకున్నచోట బూడిదరంగు కింద అక్కడక్కడ తెలుపు తొంగిచూడనివ్వు. బొగ్గు పోసే మూతల చుట్టూ నల్లటి పొడి, పొగగొట్టాల అంచున మసి. మద్రాసు రాత్రి ఓడ అయితే నీటిగీత దగ్గర నాచు ఉండాలి. అక్టోబరులో హిందూ మహాసముద్రంలోని డీగో గార్సియా దీవి చేరాక ఓడను పక్కకు ఒరగదీసి, ఆ నాచంతా గీకి, రంగు వేశారు. యుద్ధం మొదలైందని ఆ దీవివాళ్లకు అప్పటికి తెలియనే తెలియదు! బ్రిటిష్ ఓడలా కనిపించడానికి దొంగ పొగగొట్టం తగిలించుకుని మలయాలోని పెనాంగ్ రేవులో దూరిన రోజు ఓడ చేస్తానంటావా, అప్పుడు నాచు తీసేయ్. నన్నడిగితే మద్రాసు రాత్రే చేయి. మీ నాన్న కోసం.

నీ కిటికీ కొలతలు పంపు. పైపు పట్టేలా ప్లైవుడ్ పలక కోయించి ఆదివారం వేళచేరి తెస్తాను. మీ నాన్ననూ వెంటబెట్టుకొస్తాను, బూడిదరంగు కలపడంలో ఆయన చెయ్యి మంచిది. అప్పటిదాకా ఆ కంప్రెసర్ ప్లగ్గు పెట్టకు నాన్నా.

ఇట్లు,
మీ అత్తయ్య