ఆ తొమ్మిది గంటల ఫోను

శ్రీకాకుళం నుంచి ఒకామె మూడు పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా విషయం ఇదీ: 'సచివాలయంలో ఉద్యోగం. ఒకటో తారీఖు వస్తే తెల్లారేసరికి పింఛన్ల డబ్బుతో బయల్దేరాలి. సర్వర్ ఉండదు, ముసలివాళ్ల వేలిముద్రలు పడవు, ఒక్కో ఇంటికి రెండుసార్లు తిరగాలి. మావారిది పైడిభీమవరంలో మందుల కంపెనీ. పొద్దుటి షిఫ్టయితే నాలుగింటికల్లా ఇంట్లో ఉంటారు. పోయిన నెల ఒకటిన నేను రాత్రి ఎనిమిదికి వచ్చేసరికి అన్నం, చారు, దొండకాయ వేపుడు చేసి, పిల్లలకు పెట్టి, అంట్లు కూడా తోమేశారు. నా నోట వచ్చిన మొదటి మాట, "గిన్నెలు ఇలాగేనా బోర్లించడం?" ఆయన ఏమీ అనకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు. ఆయన చేసిన మంచి పనులు రోజుకి అయిదు పుస్తకంలో రాసుకుంటే కృతజ్ఞత అలవాటవుతుందని ఫ్రెండ్ చెప్పింది. రాయమంటారా?'

వద్దమ్మా. ఆఫీసులో నింపే రిజిస్టర్లు చాలవా? మొగుడికి కూడా ఒక రిజిస్టరు తెరుస్తారా?

మీకు కృతజ్ఞత లేదని నేననుకోను. లేనివాళ్లు మూడు పేజీలు రాయరు. కానీ ఆ మూడు పేజీల్లో నాలుగే వాక్యాలున్నాయి, మీ అమ్మగారి గురించి. నేను పట్టుకున్నది వాటినే. పలాసలో ఆవిడ పాతికేళ్లు జీడిపిక్కలు కొట్టారు. పిక్కలోంచి వచ్చే రసానికి వేళ్లు నల్లబడి, ముద్రలు అరిగిపోయాయి. పింఛను ఇచ్చేటప్పుడు ఏ ముసలమ్మ వేలు మిషను మీద పడకపోయినా అమ్మే గుర్తొస్తుందని రాశారు. అక్కడితో ఆపేసి మళ్లీ దొండకాయ వేపుడులోకి వెళ్లిపోయారు.

రోజూ రాత్రి తొమ్మిదికి ఆ అమ్మ ఫోను చేస్తారు. 'అల్లుడు బాబుచేత మళ్లీ అంట్లు తోమించినావేటే? ఆ బాబు కాళ్లు కడిగి నెత్తిన జల్లుకోవాల నువ్వు. మీ నాన్న మంచినీళ్లయినా ముంచుకునీవాడు కాదు.' ఈ మాటలు మీరు నవ్వులాటకి రాశారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ పొగిడేది అల్లుణ్ని, దెబ్బ తగిలేది మీకు. పొద్దంతా వీధులు తిరిగి వచ్చిన మనిషికి, నువ్వు బాకీ పడ్డావు, నీ మీద జాలిపడి చేస్తున్నాడు అని రోజూ గుర్తు చేస్తుంటే, తోమిన గిన్నె కనపడగానే ఒళ్లు మండదూ?

అసలు సంగతి దాని కింద ఉంది. అమ్మ సాయంత్రం ఆ నల్లటి చేతులతో ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, మీ నాన్నకి కంచం పెట్టి, అందరూ తిన్నాక మిగిలింది తిన్నారు. మీ ఇంట్లో ఒక మగవాడు అదే వేళకి మీకు అన్నం వడ్డిస్తున్నాడు. మీరు తినలేకపోతున్నారు. మీ నాన్నగారిని అడగాల్సిన మాట అడగలేక, అడగనక్కర్లేని మనిషి మీద విసురుతున్నారు.

ఇంట్లో చేసినదానికి థాంక్స్ ఏమిటి, అది ఆయన డ్యూటీ కాదా అని కొందరు వాదిస్తారు. నాకు ఆ లెక్కలు నచ్చవు. డ్యూటీ చేసినవాడికి కూడా ఒక మంచి మాట కావాలి. మావారు పెట్టిన పులుసులో ఉప్పు గురించి నేను ఒకప్పుడు అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముందు ఆ ఫోను వేళ మార్చండి. స్పీకర్ పెట్టి అన్నం తింటూ మాట్లాడతానని రాశారు. అంటే ఆయన పక్కనే కంచాలు తీస్తూ అన్నీ వింటున్నారు. అత్తగారు దేవుడంటుంది, పెళ్లాం 'ఏం చేశార్లే' అని గొణుగుతుంది. వినేవాడికి ఎలా ఉంటుంది? పొద్దున ఆఫీసుకి బయల్దేరేముందు మీరే చెయ్యండి. ఆవిడ అల్లుడి మాట ఎత్తగానే, 'అమ్మా, నువ్వు పని నుంచి వచ్చాక నీకెవరు మంచినీళ్లిచ్చేవారు?' అని అడగండి. మాట మార్చేస్తారు. మర్నాడు మళ్లీ అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

మీవారికి ఉపన్యాసం అక్కర్లేదు. 'ఆ రోజు గిన్నెల గురించి అన్నది నీ మీద కోపంతో కాదు, మా అమ్మ గుర్తొచ్చి' అని ఒక్క ముక్క చెప్పండి చాలు. గిన్నెలు ఆయనకి తోచినట్టే బోర్లించనివ్వండి.

వచ్చే ఒకటో తారీఖుకి అమ్మగారిని రప్పించండి. పలాసలో రైలెక్కితే ఆమదాలవలస ఎంతసేపు? ఆ రాత్రి అల్లుడు వడ్డించబోతే ఆవిడ కంగారుగా లేచి వంటింట్లోకి పరిగెడతారు. చెయ్యి పట్టుకుని, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.