సెరటోనిన్ వాదం వీగిపోతే మందు మానేయవచ్చా?

డిప్రెషన్‌కు సెరటోనిన్ (మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం) లోపమే కారణమన్న వాదం నిలవలేదని చదివి, మీ చెల్లెలు వాడుతున్న డిప్రెషన్ మందులు ఆపేయవచ్చా అని మీరు అడిగారు. దయచేసి ఆమెచేత అలా ఆపించకండి. 2022లో లండన్‌కు చెందిన సైకియాట్రిస్టు జొవానా మోన్‌క్రీఫ్ బృందం వెలువరించిన సమీక్ష, సెరటోనిన్ తగ్గడమే మూలమనడానికి స్థిరమైన ఆధారాలు లేవని చెప్పిందే తప్ప, మందులు పనిచేస్తాయా లేదా అన్నది పరీక్షించలేదు. పత్రికల శీర్షికలు ఈ తేడాను మింగేశాయి. మందులు పనిచేస్తాయా అన్నదానికి జవాబు 2018లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చిన విశ్లేషణలో ఉంది: 522 ప్రయోగాలను కలిపి చూస్తే 21 డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి మాత్ర (మందు లేని మాత్ర) కన్నా మెరుగ్గానే, అయితే సగటున ఓ మోస్తరుగానే, పనిచేశాయి. మెదడులో నాడీకణాల మధ్య కొత్త అనుసంధానాలు ఏర్పడడం వల్ల మేలు కలుగుతుందన్న వివరణే నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఉపశమనానికి వారాలు పడుతుంది. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, నిద్రలేమి, ఆందోళన రావచ్చు; మానాలనుకుంటే సైకియాట్రిస్టు పర్యవేక్షణలో మోతాదు క్రమంగా తగ్గించాలి.